ఏ పంప్ ఫర్ బారోయింగ్

మన స్కూలు పాత విద్యార్థుల సంచికకి రాసేది ఒక్క పేజీ మించొద్దని కమిటీ వాళ్ళు మెసేజ్ పెట్టారు. పెట్టింది మన క్లాసు లీడరే కాబట్టి కాస్త మించినా కోయడని ధైర్యం.

ఆరో క్లాసు నుంచి ఎనిమిదో క్లాసు దాకా నాకు దాదాపు ఏమీ గుర్తులేదు. వేపచెట్టు పాము సంగతి, డ్రిల్లు మాస్టారి ఈల సంగతి వాటర్ ట్యాంక్ బ్యాచ్ ఎలాగూ రాస్తారు. నాకు మిగిలింది ఇంగ్లీషు మాస్టారి గుడ్డసంచీ ఒక్కటే.

సంచీలోంచి ఏదో ఒకటి తీసి బల్ల మీద పెట్టేవారు. పేరు రాయకూడదు, అది దేనికో ఇంగ్లీషులో రాయాలి. కవ్వం తెచ్చిన రోజు సగం క్లాసు ‘యూజ్డ్ ఫర్ చర్న్’ అని రాసింది. ‘ఫర్ అంటే వెనకాల ఇంగ్ తోక ఉండాలిరా. టు అంటే తోక కోసెయ్యాలి’ అన్నారు. ఫర్ చర్నింగ్, టు చర్న్. రెండూ కలిపేసి ‘ఇట్ ఈజ్ యూజ్డ్ టు చర్నింగ్’ అని ఒకమ్మాయి రాస్తే, ‘ఏమ్మా, కవ్వానికి చిలకడం అలవాటైపోయిందా?’ అని అడిగారు. వాకింగ్ స్టిక్ నడవదు, స్లీపింగ్ బాయ్ మాత్రం నిద్రపోతాడు అంటూ చివరి బెంచీ వైపు చూసిన చూపు మీకు చెప్పక్కర్లేదు.

సైకిల్ పంపు రోజున ‘ఏ పంప్ ఫర్ బారోయింగ్’ అని రాసిన మహానుభావుడు ఇప్పుడు పెద్ద ఆఫీసరు, పేరు రాయను. మాస్టారు నవ్వాపుకోలేక పూర్తి మార్కులు వేశారు. ‘గ్రామరూ కరెక్టే, వాడకమూ కరెక్టే.’

నేను చెన్నైలో పేటెంట్లు, అంటే కొత్తగా కనిపెట్టినదాని మీద హక్కు కోరే కాగితాలు, రాసే పనిలో పడ్డాను. మొదట్లో మా ఇంట్లోవాళ్ళు నన్ను టైపిస్టు అనుకున్నారు. ఆ ‘ఫర్’ మీదే మా బతుకు. యూరోపియన్ పేటెంట్ ఆఫీసు లెక్కలో ‘కరిగిన ఉక్కు కోసం అచ్చు’ అని రాస్తే, ఆ పనికి తట్టుకునే అచ్చు అని అర్థం. ఫ్రిజ్‌లోని ప్లాస్టిక్ ఐసు ట్రే కూడా అచ్చే, కానీ ఉక్కు పోస్తే అదే కరిగిపోతుంది కాబట్టి లెక్కలోకి రాదు. ‘క్రేన్ కోసం కొక్కెం’ అంటే దానికి తగ్గ సైజూ బలమూ ఉండాల్సిందే. అదే అమెరికాకు పంపే కాగితంలో ‘మీన్స్ ఫర్’ (ఫలానా పని చేసే సాధనం) అని రాస్తే వేరే గొడవ: ఆ పని చేసే ప్రతి వస్తువూ మనది కాదు, మనం లోపల వర్ణించిన నిర్మాణమూ దానికి సమానమైనవీ మాత్రమే మనవి. లోపల వర్ణన సరిగా లేకపోతే క్లెయిమే, అంటే ఇది మాది అని హక్కు కోరే వాక్యమే, ఎగిరిపోవచ్చు. అందుకే ఆ రెండు ముక్కలు కనబడితే మా ఆఫీసులో అందరికీ టెన్షన్. పెద్ద పెద్ద కాలేజీల నుంచి వచ్చిన పిల్లలు రాసిన డ్రాఫ్టులు ఆఖరున నా టేబుల్ మీదికే వస్తాయి. తెలుగు మీడియం అని వాళ్ళకి నేనే చెప్తాను, అడక్కుండానే.

ఇప్పుడు ఈ పనికి గంటల లెక్కన బిల్లు వేస్తున్నాను. మాస్టారికి ట్యూషన్ డబ్బులు ఎగ్గొట్టినవాళ్ళ జాబితా కమిటీ దగ్గరుంటే సంచికలో వేసెయ్యండి. నాకంటే ముందు కనీసం ముగ్గురుంటారు, వాళ్ళలో లీడరొకడు.