నీలం ఆకుపచ్చగా మారేదాకా

తెల్లవారుజామున రెండు గంటలు. ఎయిర్‌బస్ ఎ320 నేర్చుకుంటున్న రోజులవి. సిమ్యులేటర్‌లో నాకు ఎక్కువగా ఆ వేళే దొరికేది. రన్‌వేకు 11 నాటికల్ మైళ్ల దూరంలో, దానికన్నా 4,000 అడుగుల ఎత్తులో ఉన్నాను. అప్రోచ్ బటన్ నొక్కాను, వెలిగింది. విమానం మెల్లగా ఒరిగి రన్‌వేకు సూటిగా వచ్చింది. ఇక దిగడం దాని పని అనుకుని నేను ఫ్లాప్స్ మీద దృష్టి పెట్టాను.

విమానం దిగలేదు. పది మైళ్లు, ఎనిమిది, ఆరు. అదే 4,000 అడుగులు. వెనక కూర్చున్న ఇన్‌స్ట్రక్టర్ సిమ్యులేటర్‌ను ఆపేశారు. ఆయన తెలుగువారే.

"అమ్మా, నువ్వు బటన్ నొక్కావు. విమానం ఒప్పుకుందా?"

ఆ ప్రశ్న నా మనసులో అలాగే ఉండిపోయింది. ఆటోపైలట్ గురించి నాకు తెలిసినదంతా దాని చుట్టూనే పేర్చుకున్నాను.

మా ఎదురుగా ఉన్న స్క్రీన్ పైభాగంలో సన్నని పట్టీ ఒకటి ఉంటుంది. దాన్ని ఎఫ్‌ఎమ్‌ఏ అంటాం. విమానం ఇప్పుడు ఏ మోడ్‌లో నడుస్తోందో అక్కడ ఆకుపచ్చ అక్షరాల్లో ఉంటుంది. దేని కోసం ఎదురుచూస్తోందో నీలం అక్షరాల్లో ఉంటుంది. మోడ్ మారగానే దాని చుట్టూ పది సెకన్లు తెల్లని గడి కనిపిస్తుంది. ఆ రాత్రి 'లొకలైజర్', అంటే రన్‌వేకు సూటిగా ఉండే దారి, ఆకుపచ్చగా మారింది. 'గ్లైడ్‌స్లోప్' మాత్రం నీలంగానే ఉంది. కిందికి దిగే దారి కోసం విమానం ఇంకా ఎదురుచూస్తోంది, అందుకే ఉన్న ఎత్తును వదలలేదు. అది చెబుతూనే ఉంది, నేనే చదవలేదు.

దారి ఎందుకు దొరకలేదు? రన్‌వే కొస నుంచి లొకలైజర్, పక్క నుంచి గ్లైడ్‌స్లోప్ రేడియో సంకేతాలు పంపుతాయి. ఒక్కొక్కదానిలో రెండు స్వరాలుంటాయి, ఒకటి 90 హెర్ట్జ్, ఇంకొకటి 150 హెర్ట్జ్. రన్‌వే వైపు వస్తున్నప్పుడు ఎడమకు జరిగితే 90 బలంగా అందుతుంది, కుడికి జరిగితే 150. ఎత్తు విషయంలో పైకి పోతే 90, కిందికి పోతే 150. రెండూ సమానంగా అందే చోటే దారి. విమానానికి రన్‌వే కనిపించదు, అది ఆ స్వరాలను సరిపోల్చుకుంటూ వస్తుంది. నాకు ఇందులోని సరళత ఇప్పటికీ అబ్బురమే.

గ్లైడ్‌స్లోప్ మామూలుగా 3 డిగ్రీల వాలు. అంటే నాటికల్ మైలుకు దాదాపు 320 అడుగులు. 11 మైళ్ల దగ్గర నేను ఉండాల్సిన ఎత్తు 3,500 అడుగులకు కాస్త పైన. నేను అప్పటికే దారికి ఎగువన ఉన్నాను. సమతలంగా ఎగురుతూ ఉంటే ఆ వాలు నాకు అందకుండా కిందికి జారిపోతూనే ఉంటుంది. పైగా ఇంకో ప్రమాదం ఉంది. సుమారు 9 డిగ్రీల దగ్గర ఒక దొంగ దారి ఏర్పడుతుంది. విమానం దాన్ని పట్టుకుంటే మరీ ఎక్కువ వాలుతో దిగడం మొదలుపెడుతుంది. అందుకే గ్లైడ్‌స్లోప్‌ను కింది నుంచి పట్టుకోవడమే మంచి అలవాటు. పైన ఉండిపోతే ముందుగా ఎత్తు నాబ్‌ను మనమున్న ఎత్తు కన్నా పైకి తిప్పాలి, లేకపోతే దిగుతూ దిగుతూ మధ్యలో ఆగిపోతుంది. తర్వాత నిమిషానికి 1,500 అడుగుల చొప్పున దింపి దారిని అందుకోవాలి. రెండోసారి అలాగే చేశాను.

నావిగేషన్ మోడ్‌లో, అంటే పెట్టిన మార్గం వెంట వెళ్లేటప్పుడు కూడా, మనం చెప్పింది విమానం ఎలా తీసుకుందో చూసుకోవాలి. ఎయిర్‌బస్‌లో నాబ్‌ను లోపలికి నొక్కితే పని విమానానికి అప్పగించినట్టు, బయటికి లాగితే మన చేతిలోకి తీసుకున్నట్టు. దిశ నాబ్ లాగితే మనం పెట్టిన దిక్కుకే ముక్కు పెడుతుంది, గాలి పక్కకు నెట్టినా పట్టించుకోదు. నొక్కితే కంప్యూటర్‌లో పెట్టిన మార్గాన్ని, గాలిని లెక్కలోకి తీసుకుని మరీ అనుసరిస్తుంది.

1990 ఫిబ్రవరి 14న ఇండియన్ ఎయిర్‌లైన్స్ 605 బొంబాయి నుంచి బెంగళూరుకు వచ్చి, పాత హెచ్‌ఏఎల్ విమానాశ్రయం రన్‌వేకు ముందున్న గోల్ఫ్ మైదానంలో నేలను తాకింది. అదీ ఎ320. 146 మందిలో 92 మంది చనిపోయారు. చివరి ఘట్టంలో విమానం 'ఓపెన్ డిసెంట్' మోడ్‌లో ఉంది. ఆ మోడ్‌లో ఇంజన్లు ఐడిల్‌కు, అంటే కనీస శక్తికి, పడిపోతాయి. వేగం తగ్గుతూ పోయింది. ఆ మోడ్‌లోకి ఎలా వెళ్లిందో విచారణ కచ్చితంగా తేల్చలేకపోయింది. నిమిషానికి 700 అడుగుల దిగుడు పెట్టబోయి, పొరపాటున పక్కనున్న ఎత్తు నాబ్‌లో 700 పెట్టి ఉండవచ్చని మాత్రం భావించింది. ఆ నివేదిక చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అంకె ఒకటే, తిరిగిన నాబ్ వేరు.

అందుకే కాక్‌పిట్‌లో మోడ్ మారిన ప్రతిసారీ పైకి చదువుతాం. ఢిల్లీలో పొగమంచు ఉదయాల్లో ఈ పఠనమే నాకు ధైర్యం. రెండు ఆటోపైలట్లూ పెట్టుకుని దిగుతుంటే బయట తెల్లటి గోడ తప్ప ఏమీ ఉండదు. 400 అడుగుల దగ్గర 'ల్యాండ్' అని ఆకుపచ్చగా వస్తుంది. 40 అడుగుల దగ్గర 'ఫ్లేర్', అంటే నేలను తాకే ముందు ముక్కు కాస్త పైకెత్తడం. అవి వచ్చాయని గొంతెత్తి చెబుతాను, రాకపోతే రాలేదని చెప్పడానికి సిద్ధంగా ఉంటాను.

మా నాన్న రైల్వేలో లోకో పైలట్‌గా చేసి రిటైరయ్యారు. సెలవులకు విజయవాడ వెళ్లినప్పుడు ఎఫ్‌ఎమ్‌ఏ సంగతి చెబితే ఇంట్లో మొదట అర్థమైంది ఆయనకే.

"అయితే ఎవరు చదువుతారు?"

"నడిపేవాళ్లు చదవాలి నాన్నా. పక్కవాళ్లు చూసి సరే అనాలి."

"మేం ఇద్దరమూ చదివేవాళ్లం," అని కుర్చీలోంచే చేయి ముందుకు చాచి, ఎదుటి గోడ మీద లేని సిగ్నల్‌ను చూపిస్తూ, తన పాత అసిస్టెంట్ పక్కనే ఉన్నట్టు రంగు పైకి చెప్పారు.