తలుపు తియ్యాలా, వద్దా

న్యూజెర్సీ బడుల్లో నెలనెలా ఫైర్ డ్రిల్లుతో పాటు సెక్యూరిటీ డ్రిల్లు కూడా జరిపి తీరాలని చట్టం. అందులో లాక్‌డౌన్ ఒకటి. తుపాకీ పట్టుకుని ఎవడైనా లోపలికొస్తే ఏం చెయ్యాలో పిల్లలకి ముందే అలవాటు చేస్తారు. గదికి తాళం వెయ్యాలి, లైట్లు ఆర్పాలి, కిటికీలోంచి కనపడకుండా గోడవార కూర్చోవాలి, నోరెత్తకూడదు. బయట ఎవరు తలుపు కొట్టినా తియ్యకూడదు. మా అమ్మాయి చిన్న క్లాసుల నుంచీ ఇదే చేస్తోంది. "కొట్టేది నా ఫ్రెండ్ అయినా?" అని ఓసారి టీచర్ని అడిగిందట. అయినా తియ్యకూడదన్నారట. గదిలో మిగతా పిల్లలుంటారు కదా, ఆ లెక్క నాకూ తెలుసు. కానీ అది అంత మామూలుగా చెప్తుంటే నాకు ముద్ద దిగలేదు.

2025 వేసవి సెలవుల్లో దాన్ని బెజవాడ తీసుకొచ్చాను. మా అమ్మ ఉండేది సింగ్‌నగర్లో. అంతకు ముందు సెప్టెంబరులో బుడమేరు వాగుకి గండ్లు పడి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట రోజుల తరబడి నీళ్ళలోనే ఉన్నాయి. అటు కృష్ణ కూడా ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులతో రికార్డు బద్దలుకొట్టింది. డ్రోన్లు ఆహార పొట్లాలు దింపడం మేం అమెరికాలో కూర్చుని టీవీలో చూశాం. అమ్మవాళ్ళ సందులోకి మాత్రం పడవే దిక్కు.

పిల్ల అడుగుతుంటే అమ్మ ఒక్కొక్కటే చెప్పింది. కింద వాచ్‌మన్ గది తెల్లారేసరికి మునిగింది. వాళ్ళు నలుగురూ మా హాల్లోకి వచ్చేశారు. కింద పోర్షన్ వాళ్ళతో మోటారు కరెంటు బిల్లు గొడవై అమ్మకి మాటల్లేవు. వాళ్ళూ బియ్యం బస్తా మోసుకుని పైకే వచ్చారు.

"తలుపు తియ్యడానికి భయమెయ్యలేదా అమ్మమ్మా?"

"ఏసి ఉంటేగా, తియ్యడానికి!"

దీన్ని పట్టుకుని మన ఊళ్ళో మనుషులు గొప్పా, అక్కడివాళ్ళు స్వార్థపరులూ అని తేల్చేయడం నాకు నచ్చదు. నీళ్ళు తుపాకీ పట్టుకుని రావు. మంచినీళ్ళు ఎప్పటికైపోతాయో తెలియనప్పుడు ఇంట్లోకి ఇంకో నలుగురు రావడం కూడా ప్రమాదమే, కాకపోతే నెమ్మదిగా వచ్చే ప్రమాదం. అమ్మకి ఆ లెక్క తెలియక కాదు. ఉన్న ఒక్క టిన్ను నీళ్ళనీ గ్లాసులతో కొలిచి, పాలపొడి కలపడానికని ముందు కొంత తీసి దాచిందట.

అసలు చిక్కు పడవ వచ్చినప్పుడు. చోటు ఇద్దరికే ఉంది. మూడో అంతస్తు పెద్దాయనకి వారానికి మూడుసార్లు డయాలసిస్, అప్పటికే ఒకటి తప్పింది, కాళ్ళు పొంగి ఆయాసపడుతున్నాడు. ఎదురింటమ్మాయి చంటిబిడ్డకి జ్వరం. మెట్ల మీద అందరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటుంటే అమ్మే అంది, ముందు ఆయన్ని ఎక్కించండి అని. "బిడ్డకి తడిగుడ్డ ఏస్తే జ్వరం దిగుద్ది. ఆయన ఒంట్లో చేరిన నీరు మనం తియ్యగలమా?" ఆయనా, ఆయన కొడుకూ సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దాకా పడవలో వెళ్ళి, అక్కణ్ణుంచి ఆస్పత్రికి చేరారు. బిడ్డకి మళ్ళీ పడవ దొరికేసరికి మర్నాడైంది.

మా అమ్మాయి వదిలిపెట్టలేదు. "మరి బేబీకి ఏమన్నా అయ్యుంటే?"

నేను అడ్డుపడబోయాను. అమ్మ చేత్తో ఆగమంది.

"అయితే నా నెత్తినే పడేది. ఎవరో ఒకళ్ళు చెప్పాలిగా."

ఇది ఏ డ్రిల్లులోనూ నేర్పరు. డ్రిల్లు నిర్ణయాన్ని పిల్లల చేతుల్లోంచి తీసేస్తుంది, చిన్నపిల్లల విషయంలో అదే న్యాయం కూడా. పదో క్లాసుకొచ్చిన పిల్లకి మాత్రం, నిర్ణయం తీసుకున్న మనిషి ఎదురుగా కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ జవాబు చెప్పడం చూడాల్సిన అవసరం ఉందనుకుంటాను. తర్వాత రెండ్రోజులు వాళ్ళిద్దరూ అదే వాదన. ముందు తల్లినీ బిడ్డనీ పంపాల్సిందని మనవరాలు, కాదని అమ్మమ్మ. నేను తీర్పు చెప్పలేదు. అడిగుంటే అమ్మ వైపే చెప్పేదాన్ని.

మేం ఉండగానే ఎదురింటమ్మాయి బిడ్డ పుట్టినరోజని కేకు తెచ్చింది. నాతో మాట్లాడింది, మా అమ్మాయిని అమెరికా కబుర్లడిగింది, అమ్మని మాత్రం పలకరించలేదు. ఆమె వెళ్ళాక పిల్ల గుసగుసగా, "ఆంటీకి ఇంకా కోపమా?" అంది.

"ఉండదా మరి, కన్నతల్లి కదే!" అని అమ్మ కేకు ముక్క నోట్లో వేసుకుంది.