బొగ్గు నేల మీది తోటలు

మే నెల, శనివారం.

జర్మనీకి తూర్పు కొసన, పోలండ్ సరిహద్దును ఆనుకొని ఉన్న గ్యోర్లిట్స్ జిల్లాలో ఈ రోజంతా సైకిల్ మీద గడిచింది. నోఖ్టెన్‌లోని బండరాళ్ళ తోట, క్రోమ్‌లౌలోని రాకొట్స్ వంతెన, బాడ్ మూస్కౌలో ప్యూక్లర్ ప్రభువు వేయించిన ఉద్యానం చూడాలని ఎంతోకాలంగా అనుకొంటున్నాను. పర్యాటక కరపత్రాలలో ప్రకృతి వింతలు ఒక పేజీలోనూ, చారిత్రక ఉద్యానాలు మరొక పేజీలోనూ ఉంటాయి. ఆ విభజన నాకు మధ్యాహ్నానికే సడలిపోయింది. ప్రకృతి అనుకొన్నది మనిషి చేసినదిగానూ, మనిషి తవ్వినదనుకొన్నది ప్రకృతి పనిగానూ తేలుతూ వచ్చాయి.

కాట్‌బుస్ నుంచి గ్యోర్లిట్స్ వైపు పోయే ప్యాసింజర్ రైలులో సైకిల్ ఎక్కించుకొని గంటలోపే వైస్‌వాసర్‌లో దిగాను. స్టేషన్ బోర్డు మీద జర్మన్ పేరు కింద ‘బ్యెవా వోదా’ అని సోర్బ్ భాషలోనూ రాసి ఉంది. సోర్బులు ఈ లౌజిట్స్ ప్రాంతంలో వెయ్యేళ్ళకు పైగా ఉంటున్న స్లావ్ జాతివారు. ఒకప్పుడు వైస్‌వాసర్ గాజు తయారీకి పేరు మోసిన పట్టణం. నేలలో తెల్లని ఇసుక, దాని పక్కనే కొలిమికి కావలసిన బొగ్గు దొరికితే గాజు ఫ్యాక్టరీలు రాకుండా ఉంటాయా?

ఇసుకా బొగ్గూ అంత పైపైనే దొరకడానికి కారణం మంచుయుగం. మూడు లక్షల సంవత్సరాలకు పూర్వం ఉత్తరం నుంచి దిగి వచ్చిన హిమానీనదం తన బరువుతో ఇక్కడి నేల పొరలను నొక్కి, ముందుకు నెట్టి, మడతలు మడతలుగా పైకి లేపింది. ఆ మడతల గుట్టలు గుర్రపు లాడం ఆకారంలో జర్మనీలో మొదలై నైసె నది దాటి పోలండ్‌లోకి సాగుతాయి. మూస్కౌ మడతల వంపు అనే ఈ ప్రాంతాన్ని యునెస్కో 2015లో అంతర్జాతీయ జియోపార్కుగా గుర్తించింది. అడవిలోని రోడ్డు పక్కన, పైన్ చెట్ల మధ్య, పొడవాటి పల్లాలు ఒకదాని వెంట ఒకటి సమాంతరంగా కనిపిస్తాయి. ఎవరో కందకాలు తీసి వదిలేశారనుకొంటాం. కానీ అవి తవ్వినవి కావు. నిటారుగా లేచిన బొగ్గు పొర పైకి తేలిన చోట గాలి తగిలి నెమ్మదిగా ఆక్సీకరణ చెంది, పరిమాణం తగ్గిపోవడంతో పైనున్న నేల కుంగి ఏర్పడ్డ పల్లాలు. వాటి దగ్గరలోనే, ఎవరైనా ప్రకృతి సహజమైన చెరువులని ప్రమాణం చేసి చెప్పగల ముచ్చటైన నీటి గుంటలు ఉన్నాయి. అవి మాత్రం పాత బొగ్గు గనులే. కొన్నిటిలో నీరు తుప్పు రంగులో ఉంటుంది. బొగ్గు పొరలలోని పైరైటు అనే ఇనుప ఖనిజం గాలికీ నీటికీ కరిగి ఇనుమునూ ఆమ్లాన్నీ విడుదల చేయడం వల్ల అలా అవుతుంది.

వైస్‌వాసర్ దక్షిణపు అంచున ష్వేరర్ బెర్గ్ అనే గుట్ట, దాని మీద ఒక వ్యూ టవర్ ఉన్నాయి. అక్కడి నుంచి నోఖ్టెన్ లిగ్నైట్, అంటే గోధుమరంగు లేత బొగ్గు, గని కనిపిస్తుంది. కొత్తగూడెంలో పుట్టి పెరిగినవాడికి నేలను పైనుంచే తవ్వుకుపోయే ఓపెన్‌కాస్ట్ గని కొత్త కాదు. మా నాన్న మణుగూరు ఓపెన్‌కాస్ట్‌లో డంపర్ ఆపరేటర్‌గా పనిచేసి రిటైరయ్యారు. అందుకే అక్కడ నిలబడి ఆయనకు వీడియో కాల్ చేసి, ఫోన్‌ను గని వైపు తిప్పాను. ఆయన గని ఎంత పెద్దదో అడగలేదు. బొగ్గు పొర మీది మట్టి గురించి అడిగారు, దాన్ని గనుల్లో ఓబీ అంటారు.

“ఓబీ ఎక్కడ పోస్తున్నారురా? డంపర్లు ఒక్కటీ కనబడటం లేదేంటి?”

“ఇక్కడ డంపర్లతో పని లేదు నాన్నా. గనికి అడ్డంగా ఇనుప వంతెన ఒకటి ఉంటుంది. ఇటు తవ్విన మట్టి దాని మీది బెల్టు మీదుగా పోయి అటు పడిపోతుంది.”

“పడిపోవడమే? డంపర్లు తిరిగే హాల్ రోడ్డే లేదా?” అని ఆయన కాసేపు నమ్మలేదు.

ఆ యంత్రం పేరు ఎఫ్‌60. పొడవు దాదాపు అర కిలోమీటరు. కదిలే యంత్రాలలో ప్రపంచంలోనే అతి పెద్దవాటిలో ఒకటి. బొగ్గుకు ముందువైపున పొర మీది మట్టిని గీకి, అప్పటికే బొగ్గు తీసేసిన వెనుకవైపు గుంటలో గుమ్మరిస్తూ, గనినే నెమ్మదిగా నేల మీద నడిపిస్తుంది. ఇసుక నేల, లేత లిగ్నైట్ కనుక ఇది కుదిరింది. ఇక్కడి బొగ్గు వయసు కోటిన్నర సంవత్సరాల ప్రాంతం. మన గోదావరి లోయ బొగ్గు పాతిక కోట్ల ఏళ్ళ పైచిలుకు నాటిది. దాని మీద గట్టి ఇసుకరాయి ఉంటుంది కాబట్టి బ్లాస్టింగ్ చేసి, షవెల్‌తో ఎత్తి, డంపర్లలో తరలించక తప్పదు. ఇదంతా విన్నాక నాన్న, “మరి నడిచే గనికి అడ్డం వచ్చిన ఊళ్ళేమయ్యాయి?” అని అడిగారు. ఇంత దూరంలో కూర్చున్నా ఆయన అసలు విషయం పట్టుకొన్నారు. లౌజిట్స్‌లో బొగ్గు కోసం పూర్తిగానో కొంతగానో కనుమరుగైన ఊళ్ళు నూటికి పైనే ఉన్నాయి, వాటిలో సోర్బుల పల్లెలు ఎన్నో. ఈ నోఖ్టెన్ గని కోసమే మ్యూల్‌రోజె గ్రామస్థులను పక్కనున్న ష్లైఫె అనే ఊరికి తరలించారు. బొగ్గు కరెంటును 2038 నాటికి ఆపేయాలని జర్మనీ చట్టం చేసింది 2020లో. ఆ గ్రామం తరలింపు ఒప్పందం అంతకు ముందటి సంవత్సరమే జరిగిపోయింది.

అక్కడి నుంచి నోఖ్టెన్ బండరాళ్ళ తోటకు పైన్ అడవి గుండా చక్కని సైకిల్ దారి ఉంది. గని నడిచిపోయాక మిగిలిన నేల మీద, ఇరవై హెక్టార్లలో వేసి 2003లో తెరిచిన తోట ఇది. ఏడు వేలకు పైగా బండరాళ్ళున్నాయి. ఏ ఒక్కటీ ఇక్కడి నేలలో పుట్టినది కాదు. స్వీడన్, ఫిన్లాండ్ వైపు నుంచి మంచుతో పాటు దొర్లుకుంటూ వచ్చి, మంచు కరిగిన చోట ఆగిపోయి, ఇసుకలో కూరుకుపోయాయి. బొగ్గు కోసం తవ్వుతున్నప్పుడు యంత్రాల దంతాలకు తగులుతూ ఇవి చాలాకాలం పెద్ద బెడదగానే ఉండేవి. ఆ బెడదనే ఏరి తెచ్చి తోటగా పేర్చారు. బండల మధ్య హీథర్ పొదలు నాటారు. అవి ఆగస్టులో పూస్తాయి కనుక ఇవాళ ఊదా రంగు చూడలేకపోయాను. బండల సందుల్లో రాతి మొక్కలు మాత్రం విరగబూసి ఉన్నాయి.

ఒక బండ దగ్గర చాలాసేపు కూర్చున్నాను. ఎర్రటి గ్రానైట్‌లో గోళీకాయంత గుండ్రని గులాబి రంగు స్ఫటికాలు, ఒక్కొక్కదాని చుట్టూ సన్నని పచ్చని అంచు. దీన్ని రాపకీవి గ్రానైట్ అంటారు. ఇలాంటిది ఆలాండ్ దీవుల్లోనూ ఫిన్లాండ్‌లోనూ విరివిగా దొరుకుతుంది కాబట్టి రాయిని చూసి అది ఎటునుంచి వచ్చిందో చెప్పగలుగుతున్నారు. మన కరీంనగర్ టాన్ బ్రౌన్ గ్రానైట్ పలకను సానపెట్టక ముందు చూసినట్టుంది. చేత్తో తడిమితే ఒక వైపు మంచు కింద ఒరిసి నున్నగా, రెండో వైపు విరిగి గరుకుగా ఉంది. తల ఎత్తితే చెట్ల పైన బాక్స్‌బెర్గ్ థర్మల్ కేంద్రం కూలింగ్ టవర్ల ఆవిరి. ఫోటోలు తీసుకొనేవారంతా ఆ టవర్లు పడకుండా పక్కకు జరిగి మరీ తీసుకొంటున్నారు. అవి పడకపోతే ఈ తోట ఎందుకుందో ఫోటో చూసినవారికి ఎలా తెలుస్తుందని నాకనిపించింది. నేను మాత్రం టవర్లతో సహా తీశాను.

క్రోమ్‌లౌ గురించి ఎక్కువ రాయను. ఇంటర్నెట్‌లో అందరూ చూసిన ఆ వంతెన, రాకొట్స్, నిజంగానే అందమైనది. సన్నని అర్ధచంద్రం, నీటిలో దాని నీడ, రెండూ కలిస్తే పూర్తి వలయం. ఫ్రీడ్రిష్ హెర్మాన్ ర్యోట్ష్‌కె అనే భూస్వామి 1844 నుంచి ఈ తోట వేయించి, ఆ తరువాత ఈ వంతెన కట్టించాడు. దాని చివర్లలో నిలబెట్టిన బసాల్టు స్తంభాలు స్థానికమైనవి కావు, దూరం నుంచి తెప్పించినవి. అవి నేలలోంచి మొలిచాయనే అనుకొంటూ ఫోటోలు తీసుకొనేవారి మాటలు నా చెవిన పడ్డాయి. వంతెన ఎక్కడం నిషేధం. 2018 నుంచి 2021 దాకా చెరువు ఖాళీ చేసి మరమ్మతులు చేశారు. జనం ఒత్తిడి చూస్తే నాకు విసుగు పుట్టింది. ఒడ్డున వరుసలో నిలబడి, మన వంతు వచ్చినప్పుడు ముందువారు నిలబడ్డ చోటే నిలబడి ఫోటో తీసుకొని పోవడమే అక్కడ జరుగుతోంది. అక్కడికి నాలుగడుగుల దూరంలో, రోడోడెండ్రాన్ పొదలు మనిషి ఎత్తుకు మించి పెరిగి, గులాబి, తెలుపు, ఊదా రంగుల్లో పూసి ఉంటే, అటు ఒక్కరూ లేరు. మే చివర, జూన్ మొదట్లో వచ్చేవారు ఆ పూల కోసం రావాలి. అడవి గుండా నడిచే బుల్లి రైలు కూడా క్రోమ్‌లౌ దాకా వస్తుంది. 600 మిల్లీమీటర్ల గేజి మీద నడిచే ఈ రైలును 1895లో మూస్కౌ జమీందారు ఫాన్ ఆర్నిమ్ ప్రభువు బొగ్గు, కలప, ఇటుకల రవాణా కోసం వేయించాడు. ఇప్పుడది పిల్లలను మోస్తోంది.

బాడ్ మూస్కౌ చేరేసరికి మూడు దాటింది. హెర్మాన్ ఫాన్ ప్యూక్లర్ ప్రభువు 1815లో, ఈ ఊరిని చుట్టుకొని ఒక ఉద్యానం వేస్తానని పట్టణవాసులకు ప్రకటించి, ముప్పై సంవత్సరాల పాటు దాని మీదే డబ్బు పోశాడు. నైసె నది నుంచి కొత్త పాయ తవ్వించి కోట చుట్టూ తిప్పాడు. ఎదిగిన చెట్లను ప్రత్యేకమైన బండ్ల మీద వేళ్ళతో సహా తెచ్చి నాటించాడు. తనకు కావలసిన చోట గుట్ట వేయించి, కావలసిన చోట చూపు ఆగకుండా దారి తెరిచాడు. అప్పులు పెరిగితే భార్య లూసీతో మాట్లాడుకొని 1826లో విడాకులు తీసుకొని, డబ్బున్న వధువును వెతుక్కొంటూ ఇంగ్లండ్ వెళ్ళాడు. వధువు దొరకలేదు కానీ, అక్కడి నుంచి లూసీకి రాసిన ఉత్తరాలు పుస్తకంగా వచ్చి బాగా అమ్ముడుపోయాయి. అది కూడా చాలలేదు. 1845లో మూస్కౌను అమ్ముకొని, కాట్‌బుస్ దగ్గరి బ్రానిట్స్‌కు వెళ్ళి మళ్ళీ తోట మొదలుపెట్టాడు. ఇంత శ్రమపడి చేసిన పనిలో గొప్పతనమేమిటంటే, శ్రమ ఎక్కడా కనిపించదు. కోట ముందు నిలబడితే ఎదురుగా పచ్చిక, పచ్చిక చివర నది, నది అవతల మెల్లగా లేచే పోలండ్ గట్లు. అన్నీ అలాగే పుట్టాయనిపిస్తుంది.

1945లో యుద్ధం చివర కోట కాలిపోయింది. నైసె సరిహద్దు కావడంతో ఉద్యానంలో మూడింట రెండు వంతులు పోలండ్‌కు పోయి అడవి కమ్మేసింది. 1989 తరువాత రెండు దేశాల తోటమాలులు కలిసి ప్యూక్లర్ చూపు దారులను ఒక్కొక్కటీ వెతికి, అడ్డుగా పెరిగిన చెట్లను తీసేసి, వంతెనలను తిరిగి కట్టారు. 2004లో యునెస్కో దీన్ని ఉమ్మడి వారసత్వ స్థలంగా చేర్చింది. ఇద్దరు పొరుగువారు చెట్లు నరకడం గురించి ఏకాభిప్రాయానికి రావడం ఎంత కష్టమో ఊళ్ళో గట్టు తగాదాలు చూసినవారికి తెలుసు. జంట వంతెన దాటి అవతలికి నడిచాను. ఎవరూ ఆపకపోయినా, మనలాంటి వారు రెసిడెన్స్ కార్డూ పాస్‌పోర్టూ దగ్గర ఉంచుకోవడమే మంచిది.

ప్యూక్లర్‌ను పొగిడే పలకల మధ్య చెప్పుకోక తప్పని ఒక సమాధి ఈ ఊళ్ళోనే ఉంది. 1837లో ఆయన కైరో బానిసల సంతలో ఒక ఇథియోపియా బాలికను కొన్నాడు. మఖ్‌బూబా అని పిలిచేవాడు. తనతో దేశాలు తిప్పి మూస్కౌకు తీసుకొచ్చాడు. ఇక్కడి చలిలో, ఊపిరితిత్తుల జబ్బుతో, 1840లో ఆమె చనిపోయింది. దీన్ని ప్రేమకథగా చెప్పేవారున్నారు. డబ్బిచ్చి కొన్న పిల్ల విషయంలో ఆ మాట వాడటానికి నాకు మనసు ఒప్పదు.

అందరూ కోట చుట్టూ తిరిగి, స్ట్రాబెర్రీ, వెనిలా, చాక్లెట్ పొరలున్న ప్యూక్లర్ ఐస్‌క్రీమ్ తిని వెళ్ళిపోతారు. నేనూ తిన్నాను, మామూలుగానే ఉంది. ఊరికి ఎగువన గుట్టల మీదున్న బెర్గ్‌పార్క్‌కు, అంటే ఉద్యానంలోని కొండ భాగానికి, మాత్రం జనం తక్కువ. ఈ గుట్టల్లో పదహారో శతాబ్దం నుంచి పటిక తీసేవారు. ప్యూక్లర్ తోట వేసేటప్పుడు పటిక గనినీ భట్టీలనూ కనబడకుండా దాచలేదు, తీసేయించనూ లేదు. తన ఉద్యానంలో ఒక దృశ్యంగా కలుపుకొన్నాడు. నోఖ్టెన్‌లో జనం కూలింగ్ టవర్లను తప్పించి ఫోటోలు తీయడం చూసి వచ్చిన నాకు, ఆ ప్రభువు అప్పులన్నీ క్షమించాలనిపించింది, కైరో సంత తప్ప. ఆయన 1871లో చనిపోయాడు. మా కొత్తగూడెం వైపు, ఇల్లెందు దగ్గర భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ బొగ్గు కనిపెట్టిందీ ఆ ఏడాదే.

కాట్‌బుస్, బెర్లిన్, డ్రెస్డెన్‌లలో ఉండే మనవాళ్ళెవరైనా అడిగితే, ముందు నోఖ్టెన్‌కు, తరువాత నేరుగా బెర్గ్‌పార్క్‌కు వెళ్ళమంటాను. రాకొట్స్ వంతెన ఫోటో ఎలాగూ అందరి ఫోన్లలో ఉంటుంది. జిల్లా దక్షిణ భాగంలోని ఓయ్‌బిన్ ఇసుకరాయి కొండలూ మఠం శిథిలాలూ ఇంకా మిగిలి ఉన్నాయి కానీ, వాటికి సిట్టావ్ నుంచి చిన్న గేజి రైలు ఎక్కి వెళ్ళాలి, సైకిల్ మీద ఇదే రోజున అయ్యే పని కాదు.