బ్లూబెర్రీకి గొడుగు పట్టాం

న్యూజెర్సీలో మా ఇంటి వెనక ఆరు బ్లూబెర్రీ మొక్కలున్నాయి, అన్నీ డ్యూక్ రకం, ఒకే రోజు కొని ఒకే రోజు పాతినవి. నిరుడు ఫిబ్రవరి చివర్లో మా ఆయన వీడియోలు చూసి చూసి, పీవీసీ పైపులు వంచి, పాలిథీన్ షీటు కప్పి మూడు మొక్కలకి టన్నెల్ కట్టేశారు. మిగతా మూడూ ఎప్పటిలా ఆరుబయటే. అంతకుముందు ఏడు సరిగ్గా కాయ పండే వారంలో వానలు పడి సగం పగిలిపోయాయని ఆయన బాధ.

నిజానికి న్యూజెర్సీలో బ్లూబెర్రీకి గొడుగు పట్టడమంటే కోనసీమలో కొబ్బరిచెట్టుకి బిందెలతో నీళ్లు మోసినట్టే. క్రాన్‌బెర్రీ రైతు ఎలిజబెత్ వైట్, వృక్షశాస్త్రవేత్త ఫ్రెడరిక్ కోవిల్ కలిసి అడవి పొదల్ని తోట పంటగా మార్చి, 1916లో మొదటి పంట అమ్మింది ఇక్కడి వైట్స్‌బాగ్ నుంచే. ఇసక నేల, పులుపు నేల, చలికాలంలో కావలసినంత చలి. టన్నెళ్లు చూడాలంటే స్పెయిన్ దక్షిణాన వెల్వా వైపు వెళ్లాలి, అక్కడ స్ట్రాబెర్రీలతోపాటు బ్లూబెర్రీ కూడా ప్లాస్టిక్ కిందే పెంచుతారు, చలి అంతగా అక్కర్లేని రకాలు పెట్టి, యూరప్‌లో మిగతాచోట్ల ఇంకా పూత కూడా రాని రోజుల్లోనే కోసి మంచి ధరకి అమ్ముకుంటారు. పెరూ తీరమేమో ఎడారి, వానే పడదు, కాబట్టి చాలావరకు ఆరుబయటే.

సరే, మా టన్నెల్ సంగతి. లోపలి మొక్కలు దాదాపు రెండు వారాల ముందే పూశాయి. మేం మురిసిపోయాం. ఏప్రిల్‌లో ఒక రాత్రి మంచు పడింది, బయట మైనస్ మూడు, లోపల థర్మామీటర్ చూస్తే మైనస్ రెండు! ఒక్క పొర ప్లాస్టిక్ పగటి వేడిని రాత్రికి దాచిపెట్టలేదు. ముందే విచ్చుకున్న పూలు గోధుమరంగుకి తిరిగాయి. బయటి మొక్కలవి ఇంకా గట్టి మొగ్గలు, వాటికి చీమ కుట్టినట్టు కూడా లేదు.

అసలు దెబ్బ మాత్రం పుప్పొడి మోసే తేనెటీగలు, బంబుల్ బీల దగ్గర తగిలింది. బ్లూబెర్రీ పువ్వు బోర్లించిన చిన్న కుండలా ఉంటుంది. అందులో పుప్పొడి పైకి కనిపించదు, సన్నటి గొట్టాల్లో దాక్కుని, ఉప్పు సీసా మూతకున్నట్టు కొసన ఉన్న చిన్న రంధ్రంలోంచి రాలాలి. తుమ్మెదలా బొద్దుగా ఉండే బంబుల్ బీ వచ్చి పువ్వుని పట్టుకుని ఝుమ్మని ఒళ్లంతా వణికిస్తే బుస్సున రాలుతుంది. (మన వంకాయ పువ్వుదీ ఇదే వ్యవహారం.) తేనెటీగకి ఆ వణికించే విద్య రాదు, పైగా ప్లాస్టిక్ కింద దానికి దారి కూడా సరిగ్గా తెలియదు. మేమేమో చలి లోపలికి వస్తుందని రెండు చివర్లూ మూసి క్లిప్పులు పెట్టాం. పుప్పొడి అందకపోతే గింజలు తక్కువ పడతాయి, గింజలు తక్కువైతే కాయ ఎదగదు. వంటింటి త్రాసు మీద పదేసి కాయలు తూచాను: బయటివి 17 గ్రాములు, లోపలివి 11.

మే చివర్లో ఇంకో తమాషా. లోపలి ఆకులు పసుపుపచ్చగా, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా. ఎరువు తక్కువైందని ఇంకాస్త వేశాను, ఇంకా పాడైంది. తర్వాత మట్టి పీహెచ్ (పులుపు కొలత, అంకె పెరిగితే పులుపు తగ్గినట్టు) చూస్తే 6 దాటింది, బ్లూబెర్రీకి ఐదు అటూ ఇటూ ఉండాలి. కారణం చాలా మామూలుది: టన్నెల్లో వాన పడదు కాబట్టి ఆ మొక్కలు మొత్తం కుళాయి నీళ్ల మీదే బతికాయి, ఆ నీళ్లలోని బైకార్బనేట్ అనే క్షార లవణం మట్టిలో పులుపుని మెల్లగా తినేసింది, ఐరన్ మట్టిలో ఉన్నా వేళ్లకి అందలేదు. ఆరోజే చూరు నీళ్లు పట్టడానికి డ్రమ్ము కొన్నాం.

గొడుగు వల్ల మంచి లేదా అంటే ఉంది. లోపల ఒక్క కాయ కూడా పగల్లేదు. బూడిదగుమ్మడి మీద బూడిదలా బ్లూబెర్రీ మీద తెల్లటి పూత ఉంటుంది చూడండి, అది చెక్కుచెదరకుండా ఉంది, చూస్తే ఫోటో తీయాలనిపించేలా. కానీ ఎండ కాసిన మధ్యాహ్నాలు లోపల 38 డిగ్రీలు, ఆ వేడికి కాయ మెత్తబడి, వేళ్లతో పట్టుకుంటే సొట్ట పడిపోయేది. మా చిన్నది ఒకటి నోట్లో వేసుకుని "అమ్మా, ఇది బజ్జీ అయిపోయింది" అంది.

ఈ ఏడు షీటు మార్చి నెలాఖరుకి గానీ కప్పలేదు. పూత విచ్చగానే పగలంతా చివర్లు తెరిచి, పక్కలు మోకాలెత్తు వరకు చుట్టి పెట్టాం. మంచు అని ఫోన్ చెప్పిన రాత్రి మొక్కల మీదే నేరుగా పాత దుప్పట్లు కప్పాం. కాయ నీలం తిరిగాక కూడా మూడు నాలుగు రోజులు ఆగి, తొడిమ దగ్గర ఎరుపు పోయాక, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు కోశాం, ఎందుకంటే ఇది కోశాక తీపెక్కే పండు కాదు. పది కాయలు 16 గ్రాములు తూగాయి, బయటివాటి కంటే పది రోజుల ముందు.

కోత అయిన మర్నాడే షీటు పీకించాను. వచ్చే ఏటి పూమొగ్గలు కట్టేది ఆగస్టు, సెప్టెంబరుల్లోనే, అప్పుడు వెలుతురు తగ్గితే మొగ్గలూ తగ్గుతాయి. మా ఆయనకి మాత్రం ఆ పైపులు ఖాళీగా కనిపిస్తుంటే మనసాగడం లేదు, దొండపాదు పాకిద్దాం అంటున్నారు.