పాత జావాకు ఏ మార్పు చేయవచ్చు, ఏది చేయకూడదు

పాత బండిని బాగుచేయిస్తున్నామని తెలిస్తే చాలు, తిరుపతిలో రెండు రకాల సలహాలు వెతుక్కుంటూ వస్తాయి. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజున ఎలా ఉందో అచ్చం అలాగే చేయించమని కొందరంటారు. ఎలాగూ మొత్తం విప్పారు కాబట్టి డిస్క్ బ్రేకు, వెడల్పు టైరు, ఒంటి సీటు పెట్టించి నచ్చినట్టు మార్చుకోమని మరికొందరంటారు. మా పెదనాన్న వాడిన 1968 నాటి జావా 250 మోటారు సైకిలు నా చేతికి వచ్చాక ఈ రెండు మాటలనూ శ్రద్ధగానే విన్నాను. చివరకు ప్రతి పనికీ ముందు ఒకే ప్రశ్న వేసుకోవడం అలవాటు చేసుకున్నాను: ఈ మార్పును రేపు మరొకరు పానాతో విప్పి, పాత పార్టును తిరిగి బిగించగలరా? బిగించగలిగితే ఆ మార్పుకు నేను అడ్డు చెప్పను. రంపమో, వెల్డింగో, గ్రైండరో కావలసివస్తే మాత్రం ఒప్పుకోను.

మన చిత్తూరు సీమ పాత బండ్ల విషయంలో అదృష్టం చేసుకున్న ప్రాంతం. ఒక పక్క మద్రాసు తిరువొత్తియూరులో 1955లో మొదలైన ఎన్‌ఫీల్డ్ ఫ్యాక్టరీ, మరో పక్క మైసూరులో చెక్ దేశపు జావాను మన దేశంలో తయారుచేసి, 1973 నుంచి యెజ్డీ పేరుతో అమ్మి, 1996లో మూతపడిన ఐడియల్ జావా ఫ్యాక్టరీ. అందువల్ల ఈ బండ్లను చేత్తో తాకి నేర్చుకున్న మెకానిక్కులు చిత్తూరులోనూ మదనపల్లెలోనూ నేటికీ కనబడతారు. దొరకని సామాను కోసం చెన్నై పుదుపేటకు వెళ్లి ఒక్క రోజులో తిరిగి రావచ్చు. సామాను దొరికే చోట ఉంటూ కూడా అసలు పార్టును పాత ఇనుము కింద తూకానికి వేసేయడం నాకు మింగుడుపడదు.

కరెంటు సంగతి చూద్దాం. ఆ జావాలో ఉన్నది ఆరు వోల్టుల డైనమో. బ్యాటరీ నీరసిస్తే ఇంజను మొరాయిస్తుంది, రాత్రి హెడ్‌లైటు వెలుతురు నేటి రోడ్లకు చాలదు. పన్నెండు వోల్టుల కిట్ పెట్టిస్తే ఈ రెండు బాధలూ తీరతాయి. పైగా అది ఇంజను పక్క మూత కిందే ఇమిడిపోతుంది, ఎక్కడా కోయనక్కరలేదు, బయటి నుంచి చూసేవారికి తేడా తెలియదు. బల్బులు, హారన్ ఎలాగూ మార్చుకోవాలి. తీసిన డైనమోను మాత్రం నూనె రాసి, గుడ్డలో చుట్టి దాచవలసిందే. పాత వాహనాల సంఘాల అంతర్జాతీయ సమాఖ్య ఫివా 2012లో ఆమోదించిన ట్యూరిన్ చార్టర్ కూడా ఇదే దారి చూపుతుంది: తర్వాతి కాలంలో చేసే మార్పులు వెనక్కి తీసుకోదగినవిగా ఉండాలనీ, తొలగించిన ముఖ్యమైన భాగాలను వాహనంతో పాటే భద్రపరచాలనీ అది సూచిస్తుంది.

బ్రేకు లైనింగులు, టైర్లు, కేబుళ్లు, పెట్రోలు పైపులు అరిగిపోవడానికే పుట్టాయి కనుక వాటిలో అసలుతనం వెతకడం అనవసరం. ఇరవై శాతం ఇథనాల్ కలిసిన నేటి పెట్రోలుకు పాత రబ్బరు తట్టుకోదు, మార్చక తప్పదు. భాకరాపేట కనుమ దిగేటప్పుడు టూ స్ట్రోక్ ఇంజను బండిని ఆపడంలో పెద్దగా సాయపడదు, బరువంతా డ్రమ్ము బ్రేకుల మీదే పడుతుంది. అంతేకాక, థ్రాటిల్ పూర్తిగా మూసి దిగితే పెట్రోలుతో కలిసి వెళ్లే నూనె కూడా తగ్గి, పిస్టన్ పట్టేసే ప్రమాదం ఉంటుంది. ఇది తెలిసి నడిపితే, మంచి లైనింగు వేసిన పాత డ్రమ్ములే నా మటుకు చాలు.

ఛాసిస్ కోయడం వేరే సంగతి. కేఫ్ రేసర్, అంటే రేసు బండిలా కనిపించే ఒంటి సీటు బండి, చేయాలని వెనుక ఫ్రేమును కోసి వంపు పైపు అతికించిన బండిని ఎంత ఖర్చు పెట్టినా మునుపటి స్థితికి తేలేము. అది చట్టానికీ విరుద్ధమే: తయారీదారు ఇచ్చిన కొలతలకు, లక్షణాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ చెబుతోంది. పౌడర్ కోటింగుకు ముందు ఇసుకతో గట్టిగా కొట్టించినా, ఇంజను కేసులను మెరుపు కోసం అతిగా బఫింగ్ చేయించినా గుద్దిన నంబర్లు, పోత గుర్తులు చెరిగిపోతాయి. ఆర్‌సీలోని నంబరు బండి మీద చదవలేని స్థితికి వస్తే ఆ బండికి గుర్తింపే పోతుంది. ఈ పని చేయించేవారు షెడ్డులో పక్కనే కూర్చోవాలని నా గట్టి అభిప్రాయం.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మాత్రం పెయింటు. పెట్రోలు ట్యాంకు మీది మెరూన్ రంగు, బంగారు గీతలు సగానికి పైగా మిగిలే ఉన్నాయి. వెనుక మడ్‌గార్డు మీద మా పెదనాన్న చిత్తూరులో ఒక బోర్డులు రాసే ఆర్టిస్టు చేత తెల్ల అక్షరాలతో మా ఊరి పేరు రాయించుకున్నారు. పెద్దమ్మ కోసం చీర గార్డు కూడా ఇక్కడే చేయించి బిగించారు. ఇవి మైసూరు నుంచి వచ్చినవి కావు. "సార్, అంతా గీకేసి కొత్తగా కొట్టిస్తే షోరూం బండిలా ఉంటుంది" అని పెయింటరన్న మనస్ఫూర్తిగానే అన్నాడు. ఫ్యాక్టరీ నాటి స్థితే అసలుదని పట్టుబడితే ఆ అక్షరాలు పోవాలి. నేను పోనివ్వలేదు. యజమాని తన కాలంలో, తన అవసరానికి చేర్చుకున్నది కూడా ఆ బండి చరిత్రే. దాన్ని తుడిచి 1968 నాటి కొత్తదనాన్ని నటింపజేస్తే మిగిలేది చరిత్ర లేని పాత బండి. తుప్పు పట్టిన చోట మాత్రమే శుభ్రంచేయించి, రంగు కలిపించి, మిగతాది మైనంతో కాపాడుకుంటున్నాను.

పూర్తి అసలు స్థితికి పట్టం కట్టాలనుకునేవారికి ఒక దారి ఉంది. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, ఛాసిస్‌లోనూ ఇంజనులోనూ పెద్ద మార్పులు లేని ద్విచక్ర వాహనాలను కూడా వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. నంబరులో వీఏ అనే అక్షరాలు వస్తాయి, కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు. అయితే అలా నమోదైన బండిని ప్రదర్శనకో, ర్యాలీకో, మరమ్మతుకో, పెట్రోలుకో తప్ప రోజువారీగా రోడ్డెక్కించకూడదు. ఆదివారం పొద్దున చంద్రగిరి దాకా వెళ్లి రావాలనే నాలాంటివారికి అది కుదరదు కాబట్టి, మామూలు రిజిస్ట్రేషన్‌నే రెన్యూవల్ చేయించుకుంటూ వస్తున్నాను. ఈ రెండింటిలో ఏది కావాలో బండిని షెడ్డుకు అప్పగించక ముందే తేల్చుకోవాలి, ఎందుకంటే ఒకసారి కోతపడిన ఛాసిస్‌కు మొదటి దారి ఎప్పటికీ మూసుకుపోతుంది.