క్వార్ట్‌సైట్ ఎడారిలో మంచినీళ్లు, వాడుక నీళ్లు

అమెరికాలో ఆర్వీ, అంటే లోపలే పడకలు, వంటిల్లు, టాయిలెట్ ఉండే పెద్ద బండి, అద్దెకి తీసుకుని ఎడారికి వెళ్దామనుకునే మనవాళ్లు ముందు అడిగేది పడకలెన్ని, ఫ్రిజ్ ఎంతుంది, టీవీ ఉందా అని. నేనైతే నీళ్ల ట్యాంకు ఎంతో అడగమంటాను, ఆ వెంటనే వాడేసిన నీళ్లు పట్టే ట్యాంకు ఎంతో కూడా అడగమంటాను, ఎందుకంటే నిజంగా ఇబ్బంది పెట్టేది ఆ రెండోదే.

మేం అరిజోనాలోని ఫీనిక్స్ నుంచి ఐ-10 హైవే మీద పడమరగా రెండొందల కిలోమీటర్లు పోతే వచ్చే క్వార్ట్‌సైట్ వెళ్లాం. మార్టిన్ లూథర్ కింగ్ సెలవు సంక్రాంతి దగ్గర్లోనే వస్తుంది కాబట్టి పండగ కూడా అక్కడే కానిచ్చేద్దామని నేను, పిల్లాడు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు ఆర్వీ ఎక్కాం. వెనకాల మా ఆవిడ కారు నడుపుకుంటూ వచ్చింది, ఆ కారు ఎంత పనికొచ్చిందో తర్వాత చెప్తాను.

ఎండాకాలం 45 డిగ్రీలు దాటే ఈ చిన్న ఊరు చలికాలం వచ్చేసరికి ఆర్వీలతో నిండిపోతుంది. ఊరికి దక్షిణాన 95 రోడ్డుకి రెండు వైపులా లా పోసా అని కేంద్ర ప్రభుత్వ భూమి ఉంది. సెప్టెంబర్ 15 నుంచి ఏప్రిల్ 15 దాకా ఎంతకాలమైనా ఉండటానికి మేం వెళ్లినప్పుడు 180 డాలర్లు, రెండు వారాలకైతే 40. ఆ డబ్బుకి మనకి దొరికేది గులకరాళ్ల నేల, ఆకాశం, అంతే. బండి దగ్గర కరెంటూ ఉండదు, కుళాయీ ఉండదు. నీళ్లు పట్టుకునే చోటు, మురుగు ఒంపే చోటు మాత్రం లోపలే ఒక పక్కన ఉంటాయి.

మా ఆర్వీలో మంచినీళ్ల ట్యాంకు 35 గ్యాలన్లు, అంటే 130 లీటర్ల పైచిలుకు. ఐదుగురం. అన్నం, పప్పు, పొద్దున దోశలు, వాటి గిన్నెలు, పైగా టాయిలెట్‌లో చెంబు లేకపోతే మనకి కుదరదు. అక్కడివాళ్లు పేపర్ ప్లేట్లు వాడి, తడి టవల్‌తో ఒళ్లు తుడుచుకుని వారాల తరబడి గడిపేస్తారు గానీ మన పద్ధతిలో ఆ ట్యాంకు రెండో రోజుకే ఖాళీ. సింకు, షవర్ నీళ్లు పోయే గ్రే ట్యాంకు కూడా దాదాపు అంతే ఉంటుంది, అది నిండితే షవర్ కాళ్ల దగ్గర మడుగు కడుతుంది. నేల మీద ఒంపకూడదు, అది రూలు.

నీళ్ల పొదుపులో మాకు అసలైన ఎక్స్‌పర్ట్ అమ్మే. కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగలేక ట్యాంకర్ కోసం బిందెలు వరసలో పెట్టిన మనిషి, ఆర్వీ సింకు కుళాయి తిప్పడమే మానేసింది. రెండు ప్లాస్టిక్ టబ్బులు పెట్టుకుని, ఒకదాంట్లో సబ్బు నీళ్లు, రెండోదాంట్లో జాలించే నీళ్లు, ఆ జాలించినవే మరుసటి పూటకి సబ్బు నీళ్లు. అన్నం గిన్నె ముందు పేపర్‌తో తుడిచేయమంది. గ్రే ట్యాంకు నిండటం సగానికి సగం తగ్గింది.

నీళ్లు మోసుకొచ్చే క్యాన్‌ల ఎంపికలోనూ ఆమె మాటే నెగ్గింది. బయల్దేరే ముందు షాపులో నేను ఏడు గ్యాలన్ల చతురస్రపు నీలం డబ్బా చూపించాను. 26 లీటర్లు, మన ఊళ్లో ఇంటింటికీ వేసే ఇరవై లీటర్ల వాటర్ క్యాన్ కంటే పెద్దది, ధరా తక్కువే, ఒకదాని మీద ఒకటి పేర్చుకోవచ్చు. అమ్మ దాన్ని ఖాళీగా ఎత్తి చూసి, "నిండాక దీన్ని ఎవరెత్తుతార్రా? మీ నాన్నా?" అంది. నాన్న నడుం సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. లీటరు నీళ్లు కిలో బరువు, డబ్బాతో కలిపి 27 కిలోలు దాటుతుంది, ఒంటి చేత్తో పట్టుకుంటే మనిషి పక్కకి వంగిపోతాడు. అందుకని పెద్దది ఒకటే తీసుకుని, రెండున్నర గ్యాలన్లవి, అంటే పది లీటర్లకి కాస్త తక్కువ పట్టేవి, కుళాయి ఉన్నవి రెండు కొన్నాం. రెండు చేతుల్లో రెండు పట్టుకుంటే బరువు సమానంగా పడుతుంది, పిల్లాడు కూడా ఒకటి ఈడ్చుకొస్తాడు. ఎన్ని లీటర్లు పడుతుందని కాదు, మోసే మనిషి ఎవరని చూసి కొనాలి, నా మటుకు నాకు ఇదొక్కటే సూత్రం.

పెద్ద డబ్బాకి కుళాయి మూతలోనే లోపలివైపు తిప్పి పెట్టి ఇస్తారు, విప్పి బయటికి బిగించుకోవాలి, వెనకవైపు చిన్న గాలి మూత వదులు చేయకపోతే నీళ్లు గుడగుడమంటూ ఆగి ఆగి వస్తాయి. రబ్బరు వాషర్ సరిగ్గా కూర్చుందో లేదో ఇంటి దగ్గరే నింపి పడుకోబెట్టి చూడండి, కారు డిక్కీలో కాదు.

ఫ్రెండ్ ఒకడు మడత క్యాన్ ఇచ్చాడు, అకార్డియన్‌లా ముడుచుకునేది. ఖాళీగా ఉన్నప్పుడు దానంత సుఖం లేదు. నిండాక మాత్రం పట్టుకోవడానికి స్థిరమైన ఆకారమే ఉండదు, పైగా మడతల దగ్గర సన్నగా కారడం మొదలైంది, పక్కనున్న బియ్యం సంచీ అడుగు తడిసింది. సూపర్ మార్కెట్‌లో డాలరూ డాలరున్నరకి దొరికే పలచని గ్యాలన్ సీసాలూ అంతే, గతుకుల రోడ్డు మీద ఒకదానికొకటి రాసుకుని అడుగున పగులుతాయి. ఇంట్లో తాగడానికి సరే, ప్రయాణానికి వద్దు.

ఇంకో గొడవ రంగు. అమెరికాలో పెట్రోల్ డబ్బా ఎరుపు, డీజిల్‌ది పసుపు, కిరోసిన్‌ది నీలం. నీళ్ల డబ్బాలూ చాలావరకు నీలమే. అది చాలదన్నట్టు ఆర్వీ మురుగు ఒంపడానికి చక్రాల మీద లాక్కెళ్లే ట్యాంకు కూడా నీలమే, దాన్ని ముద్దుగా బ్లూ బాయ్ అంటారు. లా పోసాలో ఏ బండి పక్కన చూసినా ఏదో ఒక నీలం డబ్బా కనిపిస్తుంది, అందులో ఏముందో దేవుడికే తెలియాలి. అమ్మ మార్కర్ తీసుకుని చిన్న క్యాన్‌ల మీద "మంచినీళ్లు" అని, పెద్దదాని మీద "వాడుక" అని తెలుగులో రాసేసింది. అడుగున త్రికోణంలో 2 అని ఉంటే అది హెచ్‌డీపీఈ ప్లాస్టిక్, కానీ ఆ అంకె ఒక్కటే చాలదు, తాగే నీళ్లకి పనికొస్తుందని విడిగా రాసుండాలి.

తాగే నీళ్లు అసలు ఆర్వీ ట్యాంకులోవి వాడలేదు. అంతకుముందు ఎవరెవరు ఏం నింపారో మనకి తెలియదు కదా. ప్రతి 15 గ్యాలన్లకి పావు కప్పు చొప్పున వాసన లేని బ్లీచ్ కలిపి, అన్ని కుళాయిల్లోంచీ వాసన వచ్చేదాకా వదిలి, రాత్రంతా ఉంచి కడిగాం. అయినా వాటిని గిన్నెలకీ స్నానాలకే ఉంచి, తాగడానికీ వంటకీ ఆర్వో నీళ్లు చిన్న క్యాన్‌లలో విడిగా పట్టాం. ఫీనిక్స్ కుళాయి నీళ్లు ఉప్పదనం, అక్కడ వీధికో వాటర్ అండ్ ఐస్ షాపు అందుకే.

మూడో రోజు నీళ్లకి వెళ్లాల్సి వస్తే ఆర్వీ కదిలించక్కర్లేకుండా కారు ఆదుకుంది. లేకపోతే కుర్చీలు మడిచి, గిన్నెలు కట్టి, ఇల్లంతా సర్దుకుని పోవాలి. నీళ్ల చోట మురుగు పైపు కడగడానికి పెట్టిన కుళాయి వేరు, తాగే నీళ్ల కుళాయి వేరు, బోర్డు చదవకుండా పట్టొద్దు. క్యాన్ మూతిని కుళాయికి తాకించొద్దు కూడా, ముందున్నవాడు దానికి ఏం తగిలించాడో తెలియదు. గార్డెన్ పైపుతో పడితే రబ్బరు వాసన, తాగునీటి పైపని విడిగా అమ్ముతారు, అదే కొనుక్కోండి.

తెచ్చిన నీళ్లు ఆర్వీలోకి ఎక్కించడం ఇంకో పని. ట్యాంకు మూతి ఛాతీ ఎత్తున ఉంది, 27 కిలోలు అంత ఎత్తున పట్టుకుని ఒంపడం జరిగే పని కాదు. పక్క ఆర్వీ పెద్దాయన తన పికప్ వెనక తలుపు దించి, మా డబ్బాని అక్కడ నుంచి ఇంకో పెట్టె మీదికి ఎక్కించి, 12 వోల్టుల చిన్న పంపు తగిలించాడు, నిమిషాల్లో అయిపోయింది. ఆయన సొంత ఏర్పాటు ఇంకా బావుంది. పికప్‌లో పరుపులా పరిచే 45 గ్యాలన్ల రబ్బరు తిత్తి, నిండితే 170 కిలోలు. సగం నిండిన తిత్తి మలుపుల్లో అటూ ఇటూ ఊగి బండిని లాగుతుందట, అందుకే పట్టీలతో బిగించి నెమ్మదిగా నడుపుతానన్నాడు. నాన్న ఆయనకి కొబ్బరుండ ఇస్తే, ఇంకోటి అడిగి తీసుకున్నాడు.

ఊళ్లో శ్మశానంలో పిరమిడ్ లాంటి సమాధి ఒకటుంది, పైన లోహపు ఒంటె. హాజీ అలీ అని 1856లో అమెరికా సైన్యం ఎడారిలో బరువులు మోయడానికి ఒంటెలు తెప్పించినప్పుడు వాటితోపాటు వచ్చినవాడు, ఇక్కడివాళ్ల నోట్లో హై జాలీ అయిపోయి 1902లో ఇక్కడే పోయాడు. "మనకీ ఒకటుంటే ఈ పంపులెందుకు" అన్నాడు నాన్న.

కోఫా అభయారణ్యం పామ్ కాన్యన్‌కి మట్టి రోడ్డు, అద్దె ఆర్వీని అలాంటి దారిలో తీసుకెళ్లనివ్వరు, కారులోనే వెళ్లాం, రెండు మంచినీళ్ల క్యాన్‌లూ వెనక సీటు కింద బిగించి. లోపల ఎక్కడా కుళాయి లేదు. 1939లో కొండగొర్రెల కోసం ఏర్పాటు చేసిన అడవి ఇది, రాతి గుంటల్లో నిలిచే వాన నీళ్లే వాటికి దిక్కు, అందుకే నీటి గుంటలకి పావు మైలు లోపు మకాం వేయకూడదు. ఎండిన ఆకులు లంగాలా వేలాడే తాటిజాతి చెట్లు కొండ పగుల్లో అంత ఎత్తున ఎలా బతుకుతున్నాయో చూస్తూ అమ్మ చాలాసేపు నిలబడింది.

వచ్చే నెల డెత్ వ్యాలీ అనుకుంటున్నాం. అక్కడ మనిషికి రోజుకి కనీసం ఒక గ్యాలన్ తాగమని పార్కువాళ్లే చెప్తారు, అంటే ఐదుగురికి తాగడానికే రోజుకి 19 లీటర్లు, మా రెండు చిన్న క్యాన్‌లూ ఒక్క రోజుకి సరి. ఇంకో రెండు కొనాలి. ఈసారి మూతి వెడల్పుగా ఉండి చెయ్యి లోపలికి పట్టేవి చూస్తున్నాను, ఇప్పుడున్నవాటి అడుగున పట్టిన జిగురు ఎంత బియ్యం వేసి ఊపినా వదలట్లేదు.