డార్ట్‌మూర్ మీద కంచు యుగపు పొలం గెట్లు

ఇంగ్లండ్ నైరుతి మూలన డెవన్‌లో ఉన్న డార్ట్‌మూర్ అనే ఎత్తయిన బీడు నేలకు నేను కావాలనే ఫిబ్రవరిలో వెళ్ళాను. అక్కడ రీవ్‌లని పిలిచే ప్రాచీన గట్లను వేసవిలో ఫెర్న్ మొక్కలు కప్పేస్తాయి. చలికాలంలో అవి ఎండి నేలకొరుగుతాయి, పైగా పొద్దు వాలేకొద్దీ చిన్న మిట్టకు కూడా నీడ సాగుతుంది.

ఎక్సెటర్‌లో ఉంటున్న మా అమ్మాయి కారు నడిపింది. వెన్‌ఫర్డ్ జలాశయం దాటి, కూంబ్‌స్టోన్ టోర్ అనే రాతిగుట్ట పక్కన ఆగి, గడ్డిలో కొద్ది దూరం నడిచేసరికి మొదటి గట్టు కాలికి తగిలింది. ఎత్తు మోకాలికి దిగువనే ఉంది. గ్రానైట్ రాళ్ళ సందుల్లో మట్టి నిండి, పైన గడ్డి అల్లుకుంది. ఒక రాతి మీద చెయ్యి ఆనిస్తే నాచు తడి అరచేతికి అంటింది. సుమారు 3,500 ఏళ్ళ కిందట ఎవరో మోసుకొచ్చి పెట్టిన రాయి అది.

తల ఎత్తి డార్ట్ నది లోయకు అవతల చూసినప్పుడు అసలు సంగతి అర్థమైంది. ఇవతలి వాలు మీద ఒకదానికొకటి సమాంతరంగా సాగిన గట్లు లోతైన లోయ దగ్గర ఆగిపోక, ఆవలి కొండ మీద అదే వరుసలో మళ్ళీ కనిపిస్తున్నాయి. ఆ నది రెండు పాయలు కలిసే డార్ట్‌మీట్ చుట్టూ ఈ ఒక్క అమరికే 7,000 ఎకరాలకు పైగా పరుచుకుని ఉంది. 19వ శతాబ్దంలోనే కొందరు ఈ గీతలను గమనించినా, ఇవి కంచు యుగపు భూముల హద్దులని 1970లలో ఆండ్రూ ఫ్లెమింగ్ పరిశోధనతోనే స్థిరపడింది. గెట్టు జానెడు జరిగిందని అన్నదమ్ముల మధ్య మాటలు ఆగిపోయిన పల్లెలో పెరిగిన నాకు, అన్ని కుటుంబాలు ఒకే దిక్కుకు ఒప్పుకుని ఇంత నేలను పంచుకోవడం కట్టడాలన్నిటికంటె గొప్ప పనిగా తోచింది.

ఈ సమాంతర గట్లన్నీ పైన ఒక అడ్డ గట్టుకు చేరి ముగుస్తాయి. దాని ఆవల పొలాలు లేవు, విశాలమైన మేత భూమి మాత్రమే ఉంది. మా వైపు బంచరాయి అంటామే, అటువంటిది. ఈనాటికీ అక్కడ ఉమ్మడి హక్కుతోనే గొర్రెలు, పశువులు మేస్తున్నాయి. తవ్వకాల్లో కొన్ని గట్ల కింద కర్ర గుంజలు పాతిన గుంతలు బయటపడ్డాయి. అంటే అక్కడ ముందు కంచె వేసుకుని, ఆ తరువాతే అదే గీత మీద రాళ్ళు పేర్చారన్నమాట.

మేము తిరిగి వస్తుండగా గొర్రెలు కొన్ని గట్టును సునాయాసంగా దాటి పైకి వెళ్ళాయి. నీడలు కలిసిపోయి, ఆవలి కొండ మీది గీతలు ఒక్కొక్కటే కనుమరుగయ్యాయి.